నలభై ప్రశ్నలు, ఒక పటం

(హనుమకొండలో ఒక ఆదివారం ఉదయం తల్లిదండ్రులు, టీచర్లు, బొమ్మలు వేసేవాళ్ళ ముందు ఒక తల్లి ఆటిజం గురించి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్తే. మొదలుపెట్టే ముందు రెండు చిన్న పనులున్నాయి. ఆ కిటికీ పక్కన ట్యూబ్‌లైటు ఉంది చూడండి, దాన్ని ఎవరైనా ఆపేస్తారా? థాంక్యూ అన్నా. మీలో చాలామందికి అది ఉట్టి వెలుతురు. నాకు మాత్రం చప్పుడు. దాని చోక్‌లోంచి సన్నగా రొద వస్తూనే ఉంటుంది, నేను మాట్లాడే ప్రతి మాట మీదా అది వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు ఆగింది. కొందరు తలలూపుతున్నారు, మీకూ తేడా తెలిసింది కదా? రెండోది, చప్పట్లు కొట్టకండి. ఏదైనా నచ్చితే చేతులు పైకెత్తి ఇట్లా ఊపండి చాలు. వెనక వరసలో చెవుల మీద చేతులు పెట్టుకుని కూర్చున్న పిల్లలున్నారు. వాళ్ళ కోసం అడుగుతున్నాను, నా కోసం కూడా అడుగుతున్నాను.

నేను వరంగల్ కొత్తవాడ దాన్ని. మా బాపు జంపఖానాలు నేసేవాడు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అని చెప్పే గుర్తింపు వచ్చింది, పేపర్లలో చూసే ఉంటారు. నేను చెప్పేది అంతకు చాలా ముందు సంగతి. మా ఇంట్లో సగం మగ్గమే. ఆ మగ్గం పక్కన, పడుగు దారాలు కిందికి దిగే చోట, నాకొక స్థలం ఉండేది. బడి నుంచి రాగానే సంచి పడేసి అక్కడికి దూరేదాన్ని. ఒక్క తీరుగా చప్పుడు. ఎప్పుడు వస్తుందో ముందే తెలిసే చప్పుడు. పైన దారాలు, దారాల సందుల్లోంచి వెలుతురు. నేను ఆ దారాలు లెక్కపెట్టేదాన్ని. బాపు ఒక్కసారి కూడా బయటికి రమ్మనలేదు. "లెక్క తప్పిందా?" అని మాత్రం అడిగేవాడు. తప్పితే మళ్ళీ మొదటి నుంచి.

ఇక్కడ పద్మశాలీ ఇళ్ళవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. అయితే మీ పెద్దవాళ్ళకు కూనపులి వాళ్ళు గుర్తుంటారు. మా వాడకు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు. మా కులానికి మూలపురుషుడు భావనారుషి తామరతూళ్ళతో దేవతలకు బట్ట నేసిన కథ. ముదిరాజులకు కాకిపడగల వాళ్ళు, గొల్లలకు మందహెచ్చుల వాళ్ళు, అట్లా ఒక్కో కులానికి కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి. వాళ్ళ చేతిలో పటం, అంటే కథంతా గడులు గడులుగా బొమ్మలు వేసిన పొడవాటి గుడ్డ. ఆ పటాలు వేసేది చేర్యాల నకాషీలు, తరాలుగా అదే పని చేసే కుటుంబాలు. చేర్యాల అప్పుడు మన వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేటలో కలిసింది.

నాకు ఏడేళ్ళప్పుడు చూశాను. రెండు కర్రలు పాతి, పటం వేలాడదీసి, పైనుంచి కొంచెం కొంచెం విప్పేవాళ్ళు. ఒక గడి కథ అయిపోయాకే తర్వాతి గడి. ఎర్రటి నేల, ఆ ఎరుపు మీద మనుషులు. గడికీ గడికీ మధ్య పూలతీగ అంచు. కథ అందరూ విన్నారు, నేను విన్నానో లేదో చెప్పలేను. నేను కండ్లు చూశాను. ఆ బొమ్మల కండ్లు ఎంత పెద్దవో మీకు తెలుసు కదా. మనుషుల కండ్లలోకి చూడలేని పిల్లను, ఆ కండ్లలోకి మాత్రం ఎంతసేపైనా చూశాను. ఎందుకంటే అవి నన్ను ఏమీ అడగలేదు. నేను చూస్తే అవి ఉన్నాయి, చూడకపోయినా ఉన్నాయి. ఆ రాత్రి మా అవ్వ, అంటే మా అమ్మ, నన్ను అక్కడి నుంచి లేపడానికి చాలా కష్టపడింది.

ఒక విషయం ఆలోచించండి. ఆ పటం చెప్పేదేమిటి? మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు, మీ గోత్రాలేమిటి, మీ పని ఎట్లా పుట్టింది. ఒక కులం తన గురించి తాను చూసుకునే బొమ్మ అది. ఆత్మకథ అన్న మాట నాకప్పుడు తెలియదు. కానీ ఎర్రరంగు వేసిన గుడ్డ మీద 'మేము ఫలానా' అని చెప్పుకోవచ్చని మాత్రం ఆ రాత్రే తెలిసింది.

బడి గురించి త్వరగా చెప్పి వదిలేస్తాను. అయిదో తరగతిలో ఒక టీచరమ్మ నా గడ్డం పట్టి పైకెత్తి "కండ్లల్లకు చూసి జెప్పు" అనేది. చూస్తే జవాబు పోయేది. జవాబు చెప్పాలంటే చూపు తిప్పుకోవాల్సి వచ్చేది. ఈ రెండింట్లో ఒకటే నాకు వీలయ్యేది, ఆమెకు రెండూ కావాలి. ఆ ఏడాది ప్రోగ్రెస్ కార్డులో ఎర్ర సిరాతో ఒకే మాట రాసింది: తలపొగరు. బాపుకు చదువు రాదు, ఎవరితోనో చదివించుకున్నాడు. నన్నేమీ అనలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

తర్వాత డిగ్రీ, పెళ్ళి, డీటీపీ సెంటర్లో పని, బాబు పుట్టడం. ఈ ఏళ్ళన్నీ నేను పక్కవాళ్ళను చూసి నవ్వడం నేర్చుకున్నాను. ఎంతసేపు నవ్వాలి, ఎప్పుడు "అవునా" అనాలి, పెండ్లిలో ఎక్కడ నిలబడాలి. ఇంటికొచ్చి చీకటి గదిలో పడుకునేదాన్ని. దీన్ని ఇంగ్లీషులో మాస్కింగ్ అంటారు, ముసుగు వేసుకోవడం. ఇక్కడ కూర్చున్న అక్కలు కొందరు నవ్వుతున్నారు. అది ఏ నవ్వో నాకు తెలుసు. మీతో తర్వాత మాట్లాడతాను.

2019. మా బాబుకు అయిదేళ్ళు. పరీక్ష చేయించడానికి తీసుకుపోయాం. నేను, మా అవ్వ, బాబు. అక్కడ నలభై ప్రశ్నల కాగితం తీశారు. ఈ కాగితం గురించి చాలామంది తల్లిదండ్రులకు తెలుసు. ఐసా అంటారు. ఆటిజం కొలవడానికి మన దేశంలో వాడే స్కేలు, 2009లో వచ్చింది. తయారుచేసింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆ పైన తీవ్రం.

మేడం ఒక్కో ప్రశ్న అడుగుతున్నారు. కండ్లలోకి చూడడా? నేను నోరు తెరిచే లోపే మా అవ్వ: "మా పోరి గూడ గట్లనే ఉండె మేడం." ఒంటరిగా ఉంటాడా? "గిది గూడ గంతే. మగ్గం పక్కకెళ్ళి లేవకపోయేది." అన్న మాటే మళ్ళీ మళ్ళీ అంటాడా? "అయ్యో, గిదైతె పొద్దంత గదే." పదో ప్రశ్నో పన్నెండో ప్రశ్నో వచ్చేసరికి మేడం పెన్ను పక్కన పెట్టి, బాబును వదిలేసి, నా వైపు చూశారు. నేను టేబుల్ అంచు వైపు చూస్తున్నాను. ఆ టేబుల్‌కు సన్‌మైకా ఒక మూలన లేచి ఉంది. ఇప్పుడు కూడా వేసి చూపించగలను.

అట్లా ఒకే ఏడాదిలో మా ఇంట్లో ఇద్దరికి ఆటిజం అని తెలిసింది. నాకప్పుడు ముప్పై ఆరేళ్ళు.

ఆ కాగితాన్ని తిట్టడానికి నేను రాలేదు. అది లేకపోతే మా బాబుకు సర్టిఫికెట్ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలను గుర్తించారు, అందులో ఆటిజం ఉంది. బడిలో సాయం కావాలన్నా, పింఛను కావాలన్నా అక్కడి నుంచే మొదలు. తీసుకోండి, తప్పకుండా తీసుకోండి. నేనడిగేది వేరే. ఆ నలభై ప్రశ్నల్లో చూసేది ఎవరు? ప్రతి ప్రశ్నలోనూ ఒకరు బయట నిలబడి చూస్తున్నారు. కండ్లలోకి చూడడు. ఎవరి కండ్లలోకి? నవ్వితే నవ్వడు. ఎవరు నవ్వితే? ఆ పిల్లవాడికి అప్పుడు ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది అని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

ఇది ఆ ఒక్క కాగితం సంగతి కాదు. ఆటిజం చరిత్రంతా ఇట్లాగే నడిచింది. 1925లో మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే డాక్టరమ్మ ఆరుగురు మగపిల్లల గురించి రాసింది. 1943లో అమెరికాలో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాశాడు. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ రాశాడు. అందరూ చూసి రాసినవాళ్ళే. చూడబడిన వాళ్ళలోంచి ఒకరు లేచి 'నా సంగతి నేను చెప్తాను' అని పుస్తకం రాయడానికి ఎంతకాలం పట్టింది? అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆమె ఆత్మకథ వచ్చింది 1986లో. సుఖరేవా రాసినప్పటి నుంచి లెక్కేస్తే అరవై ఏళ్ళు దాటింది. ఆటిజం ఉన్న మనిషి ఆత్మకథ ఎట్లా రాస్తుంది అని అప్పట్లో నమ్మనివాళ్ళున్నారు. తర్వాత 1992లో ఆస్ట్రేలియా నుంచి డోనా విలియమ్స్. ఆమె రాసింది, బొమ్మలు వేసింది, పాటలూ కట్టింది. నాకు ఆమె మీద ప్రేమ ఎక్కువ, ఎందుకంటే మాటల దగ్గరే ఆగిపోలేదు.

మన ఊళ్ళో చూడండి. కాళోజీ గారు తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నారు. 'నా' అన్నారు. అది చదివిన వాళ్ళంతా ఇది మా గొడవే అన్నారు. నాకు ఆ 'నా' కావాలి. మా పిల్లల చేతుల్లోకి కూడా ఆ 'నా' రావాలి. నేనివాళ వచ్చింది ఈ మాట చెప్పడానికే.

మాట గురించి కొంచెం. చాలామంది అడుగుతారు, ఏమని పిలవాలి అని. 'ఆటిజం వచ్చింది' అంటాం. వచ్చింది అంటే జ్వరం వచ్చినట్టు, రేపో మాపో పోతుందేమో అన్నట్టు. 'ఆటిజం ఉంది' అంటాం. ఉంది అంటే పొలం ఉంది, అప్పు ఉంది అన్నట్టు, మనిషి వేరు, అది వేరు. కానీ మన తెలుగులో ఇంకో తీరు కూడా ఉంది. నేను కొత్తవాడ దాన్ని అన్నాను ఇందాక. నాకు కొత్తవాడ ఉంది అనలేదు. అట్లాగే నేను ఆటిస్టిక్‌ను. న్యూరోడైవర్జెంట్ అనే పెద్ద మాట కూడా ఉంది. మెదడు నలుగురి తీరున కాకుండా ఇంకో తీరున నడిచేవాళ్ళు: ఆటిజం, ధ్యాస ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ, చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా, ఇంకా కొన్ని. పత్రికల్లో నాడీ వైవిధ్యం అని రాస్తున్నారు. మా వాడలో మాత్రం తిక్కది అంటే సరిపోయేది. ఆ మాట విన్నప్పుడు ఎట్లా ఉంటుందో వెనక కూర్చున్న పిల్లలను అడగండి.

సరే, ఇక నేను వేసిన పటం సంగతి. నేను నకాషీ ఇంట్లో పుట్టలేదు. కాబట్టి నేను వేసినదాన్ని చేర్యాల పటం అనను. ఆ పని తరాలుగా చేస్తున్న ఇళ్ళున్నాయి, ఆ పేరు వాళ్ళది. నేను వాళ్ళ దగ్గర కూర్చుని గుడ్డ తయారుచేయడం నేర్చుకున్నాను, అంతే. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడకబెడితే జిగురు వస్తుంది. ఆ జిగురు, గంజి, సుద్ద కలిపి ఖద్దరు గుడ్డకు పూత. ఆరాక మళ్ళీ పూత. మళ్ళీ ఆరబెట్టి మూడో పూత. చేత్తో రాస్తే నున్నగా, చల్లగా ఉంటుంది, పేడతో అలికి ఆరిన నేల మాదిరి. చాలా రోజులు నేను బొమ్మే వేయలేదు, పూతలే వేశాను. ఆ వాసన, చేతి కింద ఆ నునుపు, వాటి కోసమే. ఇది కూడా నా ఆత్మకథలో భాగమే అనుకుంటాను.

తర్వాత ఆ నలభై ప్రశ్నల కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కో ప్రశ్నకు లోపలి నుంచి జవాబు వేయడం మొదలుపెట్టాను. నలభై కాలేదు. పంతొమ్మిది గడులయ్యాయి. మిగతావాటికి నా దగ్గర జవాబు లేదు, లేనిది వేయలేను కదా.

మొదటి గడి, కండ్లు. అందులో టీచరమ్మ ముఖం లేదు. ఆమె చేయి ఉంది. చేతికి ఆకుపచ్చ గాజు, గాజు అంచున చిన్న పెచ్చు ఊడింది, దాని మీద సుద్దముక్క పొడి. ఆ గాజును సూర్యుడంత వేశాను. ఎందుకంటే నేను ఆ ఏడాదంతా చూసింది దాన్నే. అయిదో తరగతి పాఠాలన్నీ ఆ గాజును చూస్తూ విన్నాను, అన్నీ గుర్తున్నాయి. నేను ఆమెను చూడలేదని ఆమె అనుకుంది. నాకు ఆమె పెచ్చు ఊడిన గాజు కూడా తెలుసు, ఆమెకు నా గురించి ఏం తెలుసు? డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో ఇదే మాట సిద్ధాంతంగా చెప్పాడు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుంది, తప్పంతా ఆటిస్టిక్ మనిషి మీదే వేయొద్దు అని. ఒక చేత్తో చప్పట్లు మోగవని మనకు తెలిసిందే కదా, ఈ విషయంలో మాత్రం ఎందుకు మరిచిపోతాం?

ఇంకో గడి, అన్న మాటే అనడం. నన్ను చిన్నప్పుడు కాజీపేట జంక్షన్‌కు తీసుకుపోయేవాళ్ళు, చుట్టాలను ఎక్కించడానికి. మైకులో "దయచేసి వినండి" అని వచ్చేది. ఆ మాట నాకు పట్టుకుంది. ఇంట్లో గొడవైనా, చుట్టాలు ఎక్కువైనా, నాకు అక్కడి నుంచి వెళ్ళిపోవాలని ఉన్నా, "దయచేసి వినండి, దయచేసి వినండి" అనేదాన్ని. అందరూ విసుక్కునేవాళ్ళు. అదే ఇంట్లో మా నాయినమ్మ పొద్దంతా రామ రామ రామ అనేది. ఆమెది జపం అన్నారు, నాది జబ్బు అన్నారు. నాయినమ్మకు ఆ మాటతో మనసు కుదుటపడేది. నాకూ అంతే. ఆ గడిలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఉంటాం.

అన్నిటికంటే కష్టమైన గడి ఒకటుంది. సందర్భానికి తగ్గట్టు భావాలు చూపించకపోవడం గురించి. మా బాపు పోయినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. నేను ఏడవలేదు. బాపు మీద కప్పిన గుడ్డ దారాలు లెక్కపెడుతూ కూర్చున్నాను. లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి. మా మేనత్త అందరి ముందూ "రాతిగుండెది" అంది. నేను ఆమెను తప్పుపట్టను, ఆమె తమ్ముడు పోయాడు. మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం పక్కింటి మగ్గం ఆగింది, అన్నం తినడానికి ఆపి ఉంటారు. ఆ నిశ్శబ్దంలో నేను వంటింట్లో కింద కూర్చుండిపోయాను, సాయంత్రం దాకా లేవలేకపోయాను. ఆ గడిని నాలుగుసార్లు వేసి తుడిచాను. ఏడుస్తున్న నన్ను వేస్తే అబద్ధం, ఏడవని నన్ను వేస్తే మేనత్త మాటే నిజమైనట్టు. చివరికి దారాలు వేశాను. అడ్డం, నిలువు, నేను లెక్కపెట్టినన్ని. దగ్గరికి వచ్చి చూస్తేనే దారాలని తెలుస్తుంది, దూరం నుంచి తెల్లటి గడి అంతే.

తల్లిదండ్రులు నన్ను ఎప్పుడూ అడిగేవి రెండున్నాయి. బొమ్మలు వేయిస్తే తగ్గుతుందా? తగ్గదు. తగ్గడానికి అది జ్వరం కాదు. వేస్తుంటే నాకు ఊపిరి ఆడుతుంది, అంతవరకు నిజం. రెండోది, మా పాపకు ఏ టాలెంటూ లేదండీ అని బాధ. లండన్‌లో స్టీఫెన్ విల్ట్‌షైర్ ఉన్నాడు, హెలికాప్టర్‌లో ఒకసారి చూసి నగరం మొత్తం గుర్తుంచుకుని గీస్తాడు. ఆయన వీడియోలు చూసి మన పిల్లలతో పోల్చకండి. అట్లాంటివాళ్ళు చాలా అరుదు. మీ పాప రోజూ ఫ్యాన్ బొమ్మ ఒక్కటే గీస్తుందా? గీయనివ్వండి. "ఇల్లు గీయి, కొండలు గీయి" అని పెన్సిల్ పట్టుకోకండి. ఆ ఫ్యాన్‌లో ఎన్ని రెక్కలు, ఎటు తిరుగుతోంది, కింద ఎవరున్నారు, అది చూడండి. టీచర్లకు కూడా ఇదే నా విన్నపం.

ఇంకొక్క మాట, ఇది కొంచెం గట్టిగా చెప్తాను. పిల్లవాడు బజార్లో కింద పడి ఏడుస్తుంటే వీడియో తీసి, అవగాహన కోసమని ఫేస్‌బుక్‌లో పెడుతున్నారు. మీ బాధ నాకు తెలుసు, నేనూ తల్లినే. కానీ ఆ కథ వాడిది. వాడు పెద్దయ్యాక దాన్ని చెప్పుకోవాలో వద్దో వాడి ఇష్టం. ఈ మాట చెప్పే అర్హత నాకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, నేను కూడా అదే తప్పు చేశాను.

పటంలో ఒక గడి మా బాబు గురించి వేశాను. వాణ్ని అడగకుండానే. మంచి గడి అనుకున్నాను, నిజం చెప్పాలంటే అన్నిట్లో బాగా కుదిరింది అదే. పటం మొత్తం అయ్యాక నేల మీద పరిచి వాడికి చూపించాను. వాడిప్పుడు పదకొండేళ్ళవాడు, మాటలు తక్కువ. మోకాళ్ళ మీద పాకుతూ పైనుంచి చూసుకుంటూ వచ్చాడు. ఆ గడి దగ్గర ఆగి, దాని మీద అరచేయి పెట్టాడు. "దయచేసి వినండి" అన్నాడు. ఆ మాట వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు. "దయచేసి వినండి, దయచేసి వినండి." చేయి తీయలేదు.

ఆ రాత్రి కత్తెర పెట్టి ఆ గడి కత్తిరించి వాడికే ఇచ్చేశాను. వాడేం చేశాడో నేను అడగలేదు. పైముక్కను, కిందిముక్కను కలిపి సూదితో కుట్టాను. చింతజిగురు పట్టిన గుడ్డ గట్టిగా ఉంటుంది, రెండు సూదులు విరిగాయి. ఈ సంగతి ఇక్కడ చెప్పొచ్చా అని నిన్న వాణ్ని అడిగాను. ఊ అన్నాడు, అందుకే చెప్పాను.

ఇప్పుడు పటం విప్పుదాం. పద్దెనిమిది గడులున్నాయి. తొందరేమీ లేదు, పిల్లలు ముందుకు రండి, ముట్టుకోవచ్చు, పూత గట్టిగానే ఉంది. మధ్యలో ఒకచోట అడ్డంగా కుట్టు కనిపిస్తుంది, దాన్ని కూడా ముట్టుకోండి. అక్కడ ఏముండేదో మాత్రం నన్ను అడగకండి. అన్నా, ఆ కర్ర అటు పట్టుకోండి. మెల్లగా దించండి, ఒక్కో గడి.